సబ్ మార్చే ముందు సోఫా జరపండి: మన ఇళ్లలో హోమ్ థియేటర్ బేస్‌ని దారికి తెచ్చుకునే పద్ధతి

గది మూలలో నిలబడితే గుండె అదురుతుంది, వచ్చి సోఫాలో కూర్చుంటే ఆ బేస్ ఎటు పోయిందో అర్థం కాదు. ఇంకొకరి ఇంట్లో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, డప్పు కొట్టినా, కారు డోర్ వేసినా, బాంబు పేలినా అన్నీ ఒకే రకంగా గుయ్యిమని మోగి, ఆ మోతలో డైలాగ్ మునిగిపోతుంది. రెండూ ఒకే జబ్బు. మా ఇంట్లో ఉన్నది మొదటి రకం. 10 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, బేస్ కోసం విడిగా పెట్టే స్పీకర్ పెట్టె) తీసేసి 12 అంగుళాలది తెచ్చాను, షాపులో కూడా అదే చేయమన్నారు, తీరా పెట్టాక మూలలో ఇంకా గట్టిగా అదిరింది కానీ సోఫాలో మాత్రం అదే లోటు. చివరికి పని చేసింది సోఫాని రెండడుగులు వెనక్కి జరపడం. పైసా ఖర్చు కాలేదు.

అలా ఎందుకు జరిగిందో తెలిస్తే మిగతా పనంతా తేలికవుతుంది, కాబట్టి కాస్త లెక్క చూద్దాం. శబ్దం సెకనుకి సుమారు 1130 అడుగులు వెళ్తుంది. 40 హెర్ట్జ్ బేస్ అల పొడవు 28 అడుగుల పైమాటే. మన గది 15 అడుగులు. అంటే ఒక్క అల కూడా గదిలో పూర్తిగా పట్టదు, గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి, వస్తున్న అలతో కలిసి కొన్నిచోట్ల పేరుకుంటుంది, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటుంది. పేరుకున్న చోటు గుట్ట, చచ్చిపోయిన చోటు గుంట. ఇవి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర వస్తాయో తెలుసుకోవడానికి శబ్దం వేగంలో సగాన్ని, అంటే 565ని, గది కొలతతో, అడుగుల్లో, భాగించండి. మా గది 15 పొడవు, 11 వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు. పొడవుకి దాదాపు 38 హెర్ట్జ్, వెడల్పుకి 51, ఎత్తుకి 59 లేదా 60. వీటికి రెట్టింపులు, మూడింతలు కూడా ఉంటాయి, పొడవులో రెండోది 75 దగ్గర వస్తుంది. ఈ ఫ్రీక్వెన్సీలనే గది మోడ్‌లు అంటారు. మొదటి మోడ్‌కి గోడల దగ్గర గుట్ట, సరిగ్గా నడుమ గుంట. నా సోఫా గది నడిమధ్య ఉండేది, అంటే 38 హెర్ట్జ్ గుంటలో కూర్చుని నేను పెద్ద సబ్ కోసం వెతికానన్నమాట. ఎంత పెద్ద సబ్ పెట్టినా ఎదురొచ్చే అల కూడా అంతే పెద్దదవుతుంది, గుంట పూడదు.

మన ఇళ్ల సంగతి ఇక్కడ విడిగా చెప్పాలి, ఎందుకంటే యూట్యూబ్‌లో దొరికే సలహాలు చాలావరకు అమెరికా ఇళ్లకి చెప్పినవి. అక్కడ గోడ అంటే చెక్క ఫ్రేమ్‌కి బిగించిన జిప్సం బోర్డు, బేస్ తగిలితే ఆ బోర్డు కాస్త ఊగుతుంది, కొంత శక్తి అందులో పోతుంది, ఇంకొంత అవతలికి పోతుంది. మన దగ్గర బయటి గోడ 9 అంగుళాల ఇటుక, లోపలి గోడ నాలుగున్నర, పైనా కిందా ఆర్‌సీసీ స్లాబు, కింద టైల్స్. బేస్ ఎక్కడికీ పోలేక లోపలే తిరుగుతుంది. దీనివల్ల ఒక లాభం ఉంది, చిన్న సబ్‌తోనే బోలెడు మోత వస్తుంది. నష్టం ఏంటంటే గుట్టలు గుంటలు మరీ నిటారుగా ఉంటాయి, కొట్టిన దెబ్బ ఆగకుండా సాగుతుంది. కాబట్టి మనకి సబ్ సైజు కన్నా ఆ సాగుడు ఆపడం ముఖ్యం.

ఇల్లు ఇంకా కడుతుంటే, గది ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉంటే, చతురస్రం గది మాత్రం వద్దు. 12 బై 12 గదిలో పొడవు మోడ్, వెడల్పు మోడ్ రెండూ 47 హెర్ట్జ్ దగ్గరే పడి ఒకదానికొకటి తోడవుతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వేరువేరుగా ఉండాలి, ఒకటి ఇంకోదానికి సరిగ్గా రెట్టింపు కూడా కాకుండా చూసుకోండి.

ఇక పనిలోకి దిగుదాం. మొదట కుర్చీ, తర్వాత సబ్, తర్వాత కొలత, ఆ తర్వాత రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి ఉన్ని), అన్నిటికీ చివర ఈక్వలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత మోగాలో మార్చే సాధనం). ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

కుర్చీకి రెండు చోట్లు నిషిద్ధం: గది పొడవులో సరిగ్గా సగం, వెనక గోడకి ఆనించి. సగంలో గుంట సంగతి చెప్పాను కదా, వెనక గోడ దగ్గర పొడవు మోడ్‌లన్నిటికీ గుట్టే, అక్కడ కూర్చుంటే అంతా గుయ్యిమంటుంది. మన బెడ్‌రూమ్ థియేటర్లలో స్థలం మిగల్చడానికి సోఫాని గోడకే వేస్తాం, సగం కష్టాలు అక్కడే మొదలవుతాయి. ముందు గోడ నుంచి పొడవులో 62 శాతం దగ్గర తల ఉండేలా మొదలుపెట్టండి, 15 అడుగుల గదికి అది తొమ్మిది అడుగుల పైన కొంచెం. ఇది శాసనం కాదు, మొదలుపెట్టే చోటు. అక్కడి నుంచి అరడుగు ముందుకీ వెనక్కీ జరిపి వినండి, తేడా చెవికే తెలుస్తుంది. స్థలం బొత్తిగా లేకపోతే గోడ నుంచి రెండడుగులైనా ముందుకి రండి.

తర్వాత సబ్. దీనికి పాత పద్ధతే మంచిది, పిచ్చిగా కనిపిస్తుంది కానీ పని చేస్తుంది. సబ్‌ని ఎత్తి మీరు కూర్చునే చోట, వీలైతే సోఫా మీదే పెట్టండి. బేస్ గిటార్ గానీ కీబోర్డు బేస్ గానీ మెట్లెక్కి దిగినట్టు వేరువేరు స్వరాల్లో నడిచే పాట ఒకటి తిప్పి తిప్పి పెట్టండి, ఒకే దెబ్బ కొట్టే పాట దీనికి పనికిరాదు. ఇప్పుడు సబ్ పెట్టడానికి వీలున్న చోట్లన్నిటిలో నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, చెవి సబ్ ఎత్తులో ఉంచి వినండి. ఎక్కడ ఎక్కువ మోగుతోందో అని వెతకొద్దు, ఎక్కడ ప్రతి స్వరం సమానంగా విడివిడిగా వినిపిస్తోందో వెతకండి. ఆ చోటికి సబ్ మార్చి మీరు సోఫాలో కూర్చుంటే అదే వినిపిస్తుంది, ఎందుకంటే సబ్‌నీ చెవినీ అటూ ఇటూ మార్చినా గది లెక్క మారదు. మూలలో పెడితే మోత ఎక్కువ వస్తుందని అందరూ అంటారు, నిజమే, కానీ మూల అన్ని మోడ్‌లనీ ఒకేసారి లేపుతుంది. మన ఇటుక గదిలో మోతకి కొరత లేదు, నేనైతే మూల చివరగానే చూస్తాను.

పెద్ద సబ్ ఒకటి కొనే డబ్బుతో చిన్నవి రెండు వస్తాయంటే కళ్లు మూసుకుని రెండు కొనండి. హర్మన్ సంస్థలో పనిచేసిన టాడ్ వెల్టీ 2002లో దీర్ఘచతురస్రం గదుల్లో ఎన్ని సబ్‌లు ఎక్కడ పెడితే సీటు సీటుకీ తేడా తగ్గుతుందో లెక్కకట్టి చూపించారు. నాలుగు గోడల మధ్యలో నాలుగు పెడితే చాలా బాగుంది, ఎదురెదురు గోడల మధ్యలో రెండు పెట్టినా దానికి దగ్గరగానే వచ్చింది, నాలుగు దాటితే పెద్దగా ఉపయోగం లేదు. కారణం కూడా సులువే. ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి పెట్టారనుకోండి. రెండూ వెడల్పులో నడుమ ఉన్నాయి కాబట్టి 51 హెర్ట్జ్ వెడల్పు మోడ్‌ని లేపలేవు. పొడవు మోడ్‌ని ముందుది ఒకవైపు తోస్తుంటే వెనకది ఎదురు తోస్తుంది, 38 హెర్ట్జ్ మోడ్ అణిగిపోతుంది. రెండు పెద్ద మోడ్‌లు రాక్‌వూల్ ముక్క లేకుండానే దారికొచ్చాయి. ఇంట్లో నలుగురు కూర్చుని చూస్తే నాలుగు సీట్లలోనూ ఒకేలా వినిపించడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. రెండు సబ్‌లూ ఒకే మోడల్ అయితే టెన్షన్ ఉండదు.

సెట్టింగులు త్వరగా ముగిద్దాం. రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టండి, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కిందది సబ్‌కి వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్, చిన్న శాటిలైట్ స్పీకర్లయితే 100 లేదా 120. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్ పూర్తిగా పైకి తిప్పేయండి, ఆ పని రిసీవర్ చేస్తుంది, రెండూ చేస్తే మధ్యలో గొయ్యి పడుతుంది. ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాలో బేస్ కోసం విడిగా ఉండే చానెల్) లో-పాస్ ఫిల్టర్ 120 హెర్ట్జ్. ఒకే బేస్‌ని సబ్‌కీ స్పీకర్లకీ రెంటికీ పంపే ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్ అనేదాన్ని ముట్టుకోవద్దు. సబ్ గెయిన్ (సబ్ మీదుండే వాల్యూమ్ నాబ్) సగం దగ్గర మొదలుపెట్టండి, ఆటో క్యాలిబ్రేషన్ (రిసీవర్ తన మైకుతో తానే కొలిచి సర్దుకోవడం) అయ్యాక రిసీవర్ సబ్ లెవెల్‌ని మైనస్ 12 చూపిస్తే గెయిన్ ఎక్కువైందని అర్థం, తగ్గించి మళ్లీ రన్ చేయండి. ఫేజ్ (సబ్ అల స్పీకర్ల అలతో కలిసి కదలాలా, తిరగబడి కదలాలా అన్న సెట్టింగ్) కోసం 80 హెర్ట్జ్ టోన్‌ని స్పీకర్లు, సబ్ కలిపి మోగించి 0, 180 రెండూ మార్చి చూడండి, కూర్చున్న చోట ఏది గట్టిగా వినిపిస్తే అది ఉంచండి.

కొలత గురించి మాత్రం బద్ధకించొద్దు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. మైకు కోసం మినీడీఎస్పీ వారి యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకు ఒకటి కొనుక్కోండి, స్నేహితులు నలుగురు కలిసి ఒకటి కొని తిప్పుకున్నా చాలు. దాని సీరియల్ నంబర్‌తో క్యాలిబ్రేషన్ ఫైలు దొరుకుతుంది, అది వేయకపోతే కొలతని నమ్మలేం. మైకుని ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో పెట్టండి, చేత్తో పట్టుకోవద్దు, సోఫా వీపుకి ఆనించొద్దు. సీలింగ్ ఫ్యాన్, ఏసీ ఆపేయండి, ఫ్యాన్ గాలి మైకుకి తగిలితే కింద ఫ్రీక్వెన్సీల్లో లేని బేస్ కనిపిస్తుంది. తలుపు సినిమా చూసేటప్పుడు ఎలా ఉంచుతారో అలాగే ఉంచండి, తలుపు తెరిస్తే బేస్ మారిపోతుంది. 15 నుంచి 300 హెర్ట్జ్ దాకా స్వీప్ (కింది నుంచి పైకి జారే టోన్) వేయండి, మొదట సబ్ ఒక్కటే, తర్వాత స్పీకర్‌తో కలిపి, ప్రతి సీటులోనూ. బేస్ చూసేటప్పుడు స్మూతింగ్ (గ్రాఫ్ గీతని నున్నగా చేసే సెట్టింగ్) పెట్టొద్దు. గ్రాఫ్‌లో నిలువు కొలత 45 నుంచి 105 డీబీ (డెసిబెల్, మోత కొలత) వరకు ఉంచితే నిజం కనిపిస్తుంది, మరీ సాగదీస్తే మంచి గది కూడా భయపెడుతుంది. మొదటిసారి చూస్తే 20 డీబీ తేడాలు కనిపిస్తాయి, కంగారు పడొద్దు, ట్రీట్‌మెంట్ లేని గదిలో అది మామూలే.

మైకు కొనలేకపోతే ఫోన్‌తో కొంత పని అవుతుంది. ఫోన్ మైకులు కింద ఫ్రీక్వెన్సీలని సరిగా పట్టవు, కాబట్టి 30 హెర్ట్జ్‌కీ 60 హెర్ట్జ్‌కీ మధ్య తేడా దానితో చూడకూడదు. ఒకే టోన్ మోగిస్తూ ఈ సీటుకీ ఆ సీటుకీ ఎంత తేడా ఉందో మాత్రం చూడొచ్చు.

గ్రాఫ్‌తో పాటు వాటర్‌ఫాల్ బొమ్మ కూడా తీయండి. శబ్దం ఆగాక ఏ ఫ్రీక్వెన్సీ ఎంతసేపు సాగుతోందో అది చూపిస్తుంది. మీ గది లెక్కలో వచ్చిన అంకెల దగ్గరే పొడుగు తోకలు కనిపిస్తాయి. మా గదిలో 59 దగ్గర తోక అన్నిటికన్నా పొడుగు, సబ్ నేల మీద ఉంది, పైన స్లాబు ఉంది, ఆ రెంటి మధ్యా అది ఊగుతూనే ఉంది. సబ్ ఎక్కడికి జరిపినా ఎత్తు మోడ్ పోదు, నేల మీదే కదా ఉండేది. అలాంటి తోకలకి పీల్చే సామగ్రి కావాలి.

పీల్చేది అనగానే అందరూ వెళ్లి అంగుళం మందం పిరమిడ్ ఫోమ్ కొంటారు, లేదా కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. దయచేసి డబ్బు పారేసుకోకండి. 50 హెర్ట్జ్ అలలో నాలుగో వంతే అయిదున్నర అడుగులు ఉంటుంది, అంగుళం ఫోమ్ దాని దారిలో ఉన్నట్టు కూడా దానికి తెలియదు. పైగా ఆ ఫోమ్, తివాచీ, కర్టెన్లు పై ఫ్రీక్వెన్సీలని తినేస్తాయి, బేస్ అలాగే ఉంటుంది, అప్పుడు గది ఇంకా బరువుగా, ముసుగేసినట్టు వినిపిస్తుంది. గుడ్ల అట్టలైతే నిప్పంటుకుంటే భగ్గున మండుతాయి, ఆంప్లిఫయర్ వైర్లున్న గదిలో వాటిని అసలు పెట్టకూడదు.

కావాల్సింది మందం. ఏసీ డక్టులకీ, కోల్డ్ స్టోరేజీలకీ ఇన్సులేషన్ సామాను అమ్మేవాళ్ల దగ్గర రాక్‌వూల్ స్లాబులు దొరుకుతాయి, ఘనపు మీటరుకి 48 కేజీల డెన్సిటీ అడగండి. స్టూడియో పేరుతో అమ్మేదాని కన్నా చవక. స్లాబు సైజు చూసుకున్నాకే వడ్రంగితో ఫ్రేమ్ చేయించండి, ముందు ఫ్రేమ్ చేయిస్తే స్లాబుల్ని అడ్డదిడ్డంగా కోయాల్సి వస్తుంది. అన్నిటికన్నా బాగా పనిచేసేది మూలల్లో నేల నుంచి స్లాబు దాకా త్రికోణంగా కోసి పేర్చడం, గోడ వెంట రెండేసి అడుగులు వచ్చేలా. మూలల్లో అన్ని మోడ్‌లూ పేరుకుంటాయి కాబట్టి అక్కడ పెట్టిన ప్రతి అంగుళానికీ ఫలితం ఉంటుంది. నాలుగు మూలలు కుదరవు, ఒక మూల తలుపు, ఒక మూల అల్మారా ఉంటాయి, రెండు కుదిరినా మంచిదే. గోడకీ పైకప్పుకీ మధ్య మూలలు కూడా మూలలే, సజ్జ కింద ఖాళీ ఉంటే దాన్నీ వాడుకోండి. సోఫా వెనక గోడకి 6 అంగుళాల మందం ప్యానెళ్లు పెట్టి, వెనక 4 అంగుళాల ఖాళీ వదలండి, ఆ ఖాళీ వల్ల ఉచితంగా ఇంకాస్త కిందిదాకా పనిచేస్తాయి.

రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, పిల్లల్ని ఆ గదిలోకి రానీయొద్దు. కోశాక పలచటి నాన్‌వోవెన్ గుడ్డలో చుట్టి, పైన గాలి ఆడే గుడ్డ వేయండి, నోటితో ఊదితే గాలి అవతలికి రావాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో బయటి గోడకి ప్యానెల్ ఆనిస్తే వెనక బూజు పడుతుంది, కాబట్టి అక్కడ ఖాళీ వదలడం ఇంకా అవసరం. చెదలున్న ఇల్లయితే చెక్క ఫ్రేమ్‌కి బదులు అల్యూమినియం సెక్షన్ వేయించండి.

ఇలా మూలలో పేర్చిన రెండడుగుల రాక్‌వూల్ ట్రాప్ (బేస్‌ని పీల్చే దిమ్మ) కూడా 70, 80 హెర్ట్జ్ పైన చేసినంత పని 40 దగ్గర చేయలేదు. అంత కిందికి పోవాలంటే మెంబ్రేన్ ట్రాప్ ఉంది: గాలి చొరబడని పెట్టె, ముందు ప్లైవుడ్ పలక, లోపల కొంత రాక్‌వూల్. పలక బరువు చదరపు మీటరుకి కేజీల్లో, పెట్టె లోతు మీటర్లలో తీసుకుని, రెండూ గుణించి, వర్గమూలంతో 60ని భాగిస్తే ఏ ఫ్రీక్వెన్సీకి పనిచేస్తుందో వస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సుమారు 7.2 కేజీలు, లోతు 20 సెంటీమీటర్లు అయితే లెక్క 50 హెర్ట్జ్‌కి వస్తుంది. కాగితం మీద లెక్క ఇది, పలక బిగింపుని బట్టి అటూ ఇటూ జరుగుతుంది, అందుకే మైకు లేకుండా దీని జోలికి పోవద్దంటాను. ఎక్కువమందికి రెండు సబ్‌లు, మూలల్లో రాక్‌వూల్, పైన ఈక్వలైజర్ చాలు.

ఇప్పుడు ఈక్వలైజర్. రిసీవర్‌లో ఉన్న ఆటో కరెక్షన్ అయినా, విడిగా పెట్టుకునే మినీడీఎస్పీ ఈక్వలైజర్ పెట్టె అయినా సూత్రం ఒకటే: గుట్టలు కోయండి, గుంటలు పూడ్చొద్దు. గుట్టని కోస్తే మోత తగ్గడమే కాదు, దాని తోక కూడా చిన్నదవుతుంది. గుంటని 10 డీబీ లేపాలంటే ఆంప్లిఫయర్‌కి పది రెట్లు పవర్ కావాలి, అంతా పోసినా ఆ చోట అల చచ్చిపోతూనే ఉంటుంది, సబ్ కోన్ మాత్రం నలిగిపోతుంది. గుంట ఉంటే మళ్లీ సోఫా దగ్గరికీ సబ్ దగ్గరికీ వెళ్లాలి, వేరే దారి లేదు. మొత్తం చదును చేశాక సినిమా పేలవంగా అనిపిస్తే భయపడొద్దు, బేస్ మిగతా వాటికన్నా 3 నుంచి 6 డీబీ ఎక్కువ ఉండేలా కిందికి పోయేకొద్దీ మెల్లగా లేపండి, చాలామంది చెవులకి అదే నచ్చుతుంది.

బేస్ శుభ్రపడ్డాక కొత్త గోల బయటపడుతుంది: గదిలో వస్తువుల గరగర. 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పైకెళ్లే టోన్ పెట్టి, ఇంకొకరు గదంతా తిరుగుతూ వస్తువుల మీద చెయ్యి వేసి చూడాలి. స్లైడింగ్ కిటికీ అద్దాలు, తలుపు గడియ, స్ప్లిట్ ఏసీ ముందు మూత, ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు, ఫొటో ఫ్రేములు, సజ్జ మీద స్టీలు సామాన్లు. ఒక్కొక్కటి ఒక్కో ఫ్రీక్వెన్సీకి మోగుతుంది. కిటికీకి రబ్బరు బీడింగ్, గడియకి ఫెల్ట్ ముక్క, లైట్లకి సిలికాన్ చుక్క వేస్తే చాలు, సగం రోజు పని.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ఒక మాట. ఇక్కడ చెప్పిన రాక్‌వూల్ ఏదీ పక్కింటికి బేస్ పోకుండా ఆపదు, అది మీ గదిలో శబ్దాన్ని బాగుచేస్తుంది అంతే. బేస్ స్లాబులోంచి, గోడల్లోంచి పోతుంది, దాన్ని నిజంగా ఆపాలంటే గదిలో గది కట్టాలి. సబ్ కింద మందపాటి రబ్బరు ప్యాడ్లు కొంత సాయం చేస్తాయి, పక్కింటితో కలిసిన గోడకి సబ్‌ని దూరంగా ఉంచండి, రాత్రి నైట్ మోడ్ వేసి సబ్ లెవెల్ తగ్గించండి. అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకొకటి: ఒక ఆదివారం కింది ఇంటి వాళ్లని అడిగి నేను వాళ్ల బెడ్‌రూమ్‌లో నిలబడ్డాను, పైన మా అబ్బాయి ఎప్పుడూ చూసే యాక్షన్ సీన్ పెట్టాడు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ వాల్యూమ్ తగ్గించుకుంటూ వచ్చాం, కింద ఏమీ వినిపించని చోట ఆపాం. అప్పుడు రిసీవర్ మీద కనిపించిన వాల్యూమ్ నంబర్ మైనస్ 31. దాన్ని కాగితం మీద రాసి రిసీవర్ పక్కన అంటించాను, రాత్రి పది దాటాక దాని పైకి వెళ్లం.